టోటల్ లాస్ అన్న కారు: 3,60,000కి ఒప్పుకోవచ్చా?

తర్వాత చదివేవాళ్లకి లెక్క అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తాను. మీది ఖమ్మం. 2019 నవంబరులో కొన్న 1248 సీసీ డీజిల్ కారు. సూర్యాపేట దగ్గర లారీ గుద్దడంతో డివైడర్ ఎక్కింది. అదృష్టం కొద్దీ లోపలున్నవాళ్లకి పెద్ద దెబ్బలు తగల్లేదు. పాలసీలో ఐడీవీ, అంటే బండికి బీమా కట్టిన విలువ, 5,40,000. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ, బంపర్ టు బంపర్ (విడిభాగాల మీద తరుగు కోయని యాడ్-ఆన్) లేదు. వర్క్‌షాప్ ఎస్టిమేట్ 6,10,000. సర్వేయర్ (నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పెట్టినవారు) ఫోన్ చేసి, "టోటల్ లాస్ సార్, 3,60,000 ఇప్పిస్తాను, బండి మీరే ఉంచుకోండి, రేపటిలోగా ఓకే చెప్పండి" అన్నారు. టోటల్ లాస్ అంటే బాగు చేయించడం గిట్టదని బండి మొత్తం పోయినట్టే లెక్కగట్టడం. లోన్ ఇంకా 2,10,000 ఉంది. ఒప్పుకోవాలా, ఇంకా అడగాలా అన్నది మీ ప్రశ్న.

ఫోన్లో ఓకే చెప్పకండి. ఆ అంకె అబద్ధమని నేను అనడం లేదు, కానీ మీకు సగం లెక్కే చెప్పారు. టోటల్ లాస్ అయితే మీకు దక్కాల్సిన మొత్తం విలువ 5,39,000. ఐడీవీ 5,40,000 లోంచి 1500 సీసీ లోపు కార్లకి కోసే కంపల్సరీ ఎక్సెస్ (ప్రతి క్లెయిములో మీరు భరించాల్సిన వాటా) 1,000 తీసేస్తే వచ్చేది అదే. సర్వేయర్ చెప్పిన దానికీ దీనికీ తేడా 1,79,000. అంటే నుజ్జయిన మీ బండికి ఆయన కట్టిన ధర అది. ఆ ధర పెట్టి కొనేవాళ్లు నిజంగా ఉంటే ఆఫర్ న్యాయమైనదే. లేకపోతే ఆ మేరకు మీరు నష్టపోతారు. అందుకని మీరు అడగాల్సింది ఇదొక్కటే: "1,79,000కి కొనేది ఎవరు? బండి వాళ్లకే ఇప్పించండి, నాకు మొత్తం 5,39,000 వచ్చేలా చూడండి."

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీషాప్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ చూస్తాను. సర్వేయర్లతో రోజూ మాట్లాడే పని. టోటల్ లాస్ కేసుల్లో జనం ఐడీవీ గురించి గొడవ పడి అలిసిపోతారు, తుక్కు ధర దగ్గరికి వచ్చేసరికి చెప్పిందానికి తలూపి సంతకం పెట్టేస్తారు. డబ్బు పోయేది అక్కడే.

ఐడీవీ సంగతి ముందు తేల్చేద్దాం. అది పాలసీ తీసుకున్న రోజే ఖరారైన అంకె. కొత్త బండికి ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు తీసి కడతారు. ఐదేళ్లు దాటిన మీలాంటి బండికి కంపెనీ, మీరు ఇద్దరూ కలిసి ఒప్పుకున్న ధర. అలా ఒకసారి ఒప్పుకున్నాక, టోటల్ లాస్ క్లెయిముకి పాలసీ కాలమంతా అదే మార్కెట్ విలువ, మళ్లీ తరుగు తీయడానికి లేదు. ఈ మాట స్టాండర్డ్ పాలసీ షరతుల్లోనే ఉంటుంది. "ఇప్పుడు మార్కెట్లో ఈ మోడల్ నాలుగు లక్షలకే వస్తోంది" అని ఎవరైనా అంటే, మీ పాలసీలో ఆ పేరా ఫొటో తీసి వాట్సాప్ చేయండి. ధర్మేంద్ర గోయెల్ కేసులో 2008లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: ప్రీమియం తీసుకునేటప్పుడు ఒప్పుకున్న విలువని, క్లెయిము వచ్చాక కంపెనీ తన ఇష్టానికి తగ్గించడం కుదరదు. అలాగే మీరు కూడా "బయట ఇదే బండి ఆరున్నర పలుకుతోంది, అంత ఇవ్వండి" అని అడగలేరు. 5,40,000 ఇద్దరికీ గీత. రిటర్న్ టు ఇన్వాయిస్ యాడ్‌-ఆన్ (బండి కొన్న బిల్లు ధర ఇచ్చే అదనపు కవర్) ఉన్నవాళ్ల సంగతి వేరు, మీకు అది లేదు.

ఇక తుక్కు ధర. మా దగ్గర దీన్ని సాల్వేజ్ అంటాం. పాలసీ కాగితం ప్రకారం టోటల్ లాస్‌లో కంపెనీ బాధ్యత ఐడీవీలోంచి ఈ విలువ పోగా మిగిలినది. ఈ విలువ ఎక్కడి నుంచి వస్తుంది? సాధారణంగా సర్వేయర్ బండి ఫొటోలు, చాసిస్ నంబరు, నష్టం వివరాలు ఆన్‌లైన్ వేలం సైట్లలో పెడతారు, లేదా తనకి తెలిసిన ఇద్దరు ముగ్గురు తుక్కు కొనేవాళ్లకి పంపుతారు. వాళ్లు రేటు వేస్తారు. అందులో ఎక్కువ వేసిన అంకెని మీ లెక్కలోంచి కోస్తారు. పద్ధతి ప్రకారం జరిగితే ఇందులో తప్పేమీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఫొటోలు చూసి 1,79,000 వేసినవాడు బండి దగ్గరికి వచ్చి ఇంజన్ కదిలిందని, చాసిస్ వంగిందని చెప్పి 1,20,000 అంటాడు. అప్పటికి మీరు "బండి నేనే ఉంచుకుంటాను" అని సంతకం పెట్టేసి ఉంటే, ఆ 59,000 పోయేది మీదే.

కాబట్టి మూడు కాగితాలు మెయిల్‌లో అడగండి, ఫోన్లో కాదు. ఒకటి, సర్వే రిపోర్టు కాపీ. అడిగితే అది పొందే హక్కు పాలసీదారుడికి ఉంది. రెండు, సాల్వేజ్ బిడ్ కాగితం: కొనేవాళ్ల పేరు, వేసిన ధర, అది ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఆర్‌సీతోనా ఆర్‌సీ లేకుండానా. మూడు, రెండు ఆప్షన్లకీ విడివిడిగా లెక్క: బండి నేను ఉంచుకుంటే ఎంత, కంపెనీ తరఫున అమ్మేస్తే ఎంత. మెయిల్ పొడుగ్గా రాయక్కర్లేదు. "ఫలానా తేదీన మీ సర్వేయర్ ఫోన్లో సాల్వేజ్ విలువ 1,79,000గా చెప్పారు. ఆ ధరకి బిడ్ వేసినవారికే వాహనం అప్పగించడానికి నేను సిద్ధం. సాల్వేజ్ నేను ఉంచుకోను. పాలసీ ప్రకారం నాకు చేరాల్సిన మొత్తం 5,39,000 ఎలా చెల్లిస్తారో రాతపూర్వకంగా తెలపండి." ఇంత చాలు. క్లెయిము నంబరు సబ్జెక్టులో పెట్టి, కంపెనీ క్లెయిమ్స్ మెయిల్‌కి పంపి, సర్వేయర్‌ని కాపీలో పెట్టండి.

ఈ మెయిల్ వెళ్లాక ఏదో ఒకటి జరుగుతుంది. కొనేవాడు నిజమైతే డబ్బు తెచ్చి బండి తీసుకెళ్తాడు. అతను మీ ఖాతాలో 1,79,000 వేస్తాడు, కంపెనీ 3,60,000 ఇస్తుంది. కొన్ని కంపెనీలు మొత్తం తామే చెల్లించి తుక్కు తీసుకుంటాయి, అది ఇంకా మంచిది. డబ్బు ఖాతాలో పడిందాకా బండి గేటు దాటనివ్వకండి, వర్క్‌షాప్ వాళ్లకి కూడా ఈ మాట రాసి ఇవ్వండి. కొనేవాడు ఉత్తుత్తి వాడైతే మళ్లీ బిడ్ పిలుస్తారు, కొత్త ధర తగ్గుతుంది, కంపెనీ వాటా ఆ మేరకు పెరుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత ఇది బాగా చూశాం. సింగ్‌నగర్ వైపు నుంచి నీళ్లలో మునిగిన కార్లు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఒక టీచర్ గారి కారుకి సాల్వేజ్ 2,20,000 అని లెటర్ ఇచ్చారు. బిడ్ కాగితం అడిగి తెప్పించి చూస్తే, దాని గడువు అప్పటికే దాటిపోయింది. అన్ని మునిగిన బండ్లు ఒకేసారి అమ్మకానికి వచ్చిన రోజుల్లో ఆ ధర ఎవరిస్తారు? మళ్లీ బిడ్ పెట్టించాం, 1,45,000 వచ్చింది. ఆ 75,000 తేడా ఆవిడకి కంపెనీ నుంచే అందింది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఒక మెయిల్, దానికి ఒక రిమైండర్ అంతే.

ఆర్‌సీతో ధర వేరు, ఆర్‌సీ లేకుండా ధర వేరు. ఇది చాలామందికి తెలియదు, దయచేసి నిదానంగా చదవండి. ఆర్‌సీ బతికి ఉంటే కొనేవాడు బండిని టింకరింగ్ చేయించి రోడ్డెక్కించి అమ్ముకోవచ్చు, అందుకని ఎక్కువ ఇస్తాడు. ఆర్‌సీ రద్దయితే అది విడిభాగాలూ ఇనుమే, ధర బాగా పడిపోతుంది. ఏలూరు నుంచి వచ్చిన ఒక కస్టమర్‌కి ఆర్‌సీతో వేసిన ధరని లెక్కలోంచి కోసి, చివర్లో "పేమెంట్ కావాలంటే ఆర్టీవోలో ఆర్‌సీ క్యాన్సిల్ చేయించి ఆ లెటర్ తెండి" అన్నారు. రెండూ కలిపి అడగడం అన్యాయం. ఆర్‌సీ రద్దు చేయమంటే, ఆర్‌సీ లేని ధరే కోయాలి. అదే రాసి పంపితే లెక్క మార్చారు. బండి ఇక ఎప్పటికీ నడవని స్థితిలో ఉంటే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం యజమాని 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలిపి ఆర్‌సీ అప్పగించాలి, కాబట్టి రద్దు చేయించడంలో తప్పు లేదు. కానీ ధర ఏ పద్ధతిన కట్టారో ముందే తేలాలి.

ఇప్పుడు మీ కేసులో నన్ను కొంచెం ఆలోచింపజేసిన విషయం చెబుతాను. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పాలసీ షరతు ప్రకారం అది టోటల్ లాస్. మీకు ఆ గీత 4,05,000. ఎస్టిమేట్ 6,10,000 కదా, ఎప్పుడో దాటింది అనుకుంటారు. కానీ కంపెనీలు ఈ లెక్క పాలసీ షరతుల ప్రకారం, అంటే తరుగు తీశాక చూస్తాయి. మీ బండి ఐదేళ్లు దాటింది, ఇనప భాగాలకి 40 శాతం తరుగు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకి 50 శాతం. అద్దాలకి తరుగు లేదు. మీరు పెట్టిన ఎస్టిమేట్‌లో ఇనప భాగాలు 3,20,000, ప్లాస్టిక్, ఎయిర్‌బ్యాగులు అన్నీ కలిపి 1,40,000, అద్దాలు 20,000, లేబరు, పెయింటు 1,30,000 ఉన్నాయి. తరుగు పోగా వరసగా 1,92,000, 70,000, 20,000, పెయింటు మెటీరియల్ మీద కోత పోయి సుమారు 1,20,000. కూడితే దాదాపు 4,02,000. గీతకి ఒక్క మెట్టు కింద!

అంటే మీరు గట్టిగా పట్టుబడితే, "అయితే టోటల్ లాస్ కాదు, రిపేరు చేయించుకోండి" అనే దారి వాళ్లకి ఉంది. అప్పుడు కంపెనీ 4,01,000 ఇస్తుంది, మిగతా 2,09,000 మీరు పెట్టుకోవాలి. ఇది బెదిరింపు అనుకోకండి, లెక్క. కంపెనీ తనకి ఏది తక్కువ పడితే ఆ దారి చూస్తుంది. ఇప్పుడు టోటల్ లాస్‌లో వాళ్లకి 3,60,000 పడుతోంది, రిపేరులో 4,01,000. అందుకే టోటల్ లాస్ అన్నారు. సాల్వేజ్ 1,20,000కి పడిపోతే టోటల్ లాస్ వాళ్లకి 4,19,000 అవుతుంది, అప్పుడు రిపేరు చవక.

దీనికి విరుగుడు ఉంది. మీరు పంపిన ఫొటోలో ముందు ఏప్రాన్ (ఇంజన్ పక్కన చక్రం మీదుండే రేకు), ఎడమ వైపు పిల్లర్ (పైకప్పుని మోసే స్తంభం) రెండూ మడత పడ్డాయి. పైపైన చూసి వేసిన ఎస్టిమేట్ ఇది, బండి విప్పలేదు. ఏప్రాన్ మడత పడిన బండిలో లోపల సబ్‌ఫ్రేమ్, స్టీరింగ్ ర్యాక్, గేర్‌బాక్స్ మౌంటింగ్, వైరింగ్ ఏదో ఒకటి బయటపడకుండా ఉండటం నేను చూడలేదు. విప్పి, కొత్తగా బయటపడిన నష్టానికి సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేయించండి. సర్వేయర్‌కి ముందుగా తెలిపి, ఆయన సమక్షంలో విప్పించండి, లేకపోతే తర్వాత ఒప్పుకోరు. గీత దాటడానికి తరుగు పోగా 3,000కి కాస్త పైన పెరిగితే చాలు, ఒక్క స్టీరింగ్ ర్యాకుకే అంతకంటే ఎక్కువ అవుతుంది. అప్పుడు టోటల్ లాస్ అన్నది వాళ్ల దయ కాదు, పాలసీ షరతు. విప్పడానికి వర్క్‌షాప్ వాళ్లు ఛార్జీ అడుగుతారు, క్లెయిము టోటల్ లాస్‌గా ముగిస్తే ఎస్టిమేట్ ఛార్జీ, రోజువారీ పార్కింగ్ కూడా అడుగుతారు. ఎంతో ఇప్పుడే రాయించుకోండి. నా సలహా అడిగితే, పిల్లర్ మడత పడిన బండిని రిపేరు చేయించి కుటుంబాన్ని ఎక్కించకండి. మా షాపుకి పని పోయినా సరే ఇదే చెబుతాను.

"రేపటిలోగా" అన్న మాటకి టెన్షన్ పడొద్దు. బిడ్‌కి గడువు ఉంటుంది, అది నిజమే. గడువు లోపల అదే కొనుగోలుదారుకి ఇచ్చేయమని మీరే రాశారు కదా, ఆలస్యమైతే అది మీ తప్పు కాదు. సమయం విషయంలో 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ మీ వైపే ఉంది: సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి.

సర్వేయర్ల గురించి ఒక మాట. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది పని తెలిసిన, మర్యాదస్తులు. ఫొటోలు సరిగ్గా తీసి, పార్టు నంబరుతో సహా రాసేవాళ్లున్నారు. ఆయనతో కఠినంగా మాట్లాడితే మీకు ఒరిగేదేమీ లేదు. "సార్, మీరు చెప్పింది అర్థమైంది, కాగితం మీద పంపించండి, చూసి చెబుతాను" అనండి. అయితే ఆయన రిపోర్టే ఆఖరి మాట కాదు. ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇదే అంది: సర్వే రిపోర్టు ముఖ్యమైనదే కానీ తిరుగులేనిది కాదు.

లోన్ విషయం. పాలసీ మీద బ్యాంకు పేరు ఉంది కాబట్టి కంపెనీ ముందు బ్యాంకుకే చెల్లిస్తుంది. 5,39,000 లెక్కలో బ్యాంకుకి 2,10,000 పోగా మీకు 3,29,000. బండి మీరు ఉంచుకుంటే 3,60,000లో బ్యాంకు తీసుకోగా 1,50,000, దానితో పాటు అమ్ముకోవాల్సిన తుక్కు. పైగా బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (లోన్ తీరిందని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే కాగితాలు) వచ్చేదాకా ఆ తుక్కుని పేరు మార్చి అమ్మలేరు. ఇంటి ముందు పెట్టుకుని చూస్తుండాలి. మీలాంటి వారికి బండి వదిలించుకోవడమే నయం అని నేను అనడానికి ఇదీ ఒక కారణం. క్లెయిము తేలేదాకా ఈఎంఐ మాత్రం ఆపకండి, బండి లేదన్న కారణం సిబిల్‌కి తెలియదు. ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లోన్ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో బ్యాంకు ఇచ్చే లెక్క) తేదీ వేసి తీసుకుని క్లెయిము ఫైల్లో పెట్టించండి.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టకండి. బండి పేరు మార్పిడికి వాడే 28, 29, 30 ఫారాలు కట్టగా తెచ్చి "సంతకాలు పెట్టండి, మిగతాది మేం నింపుకుంటాం" అంటారు. మచిలీపట్నంలో ఒకాయన అలాగే పెట్టిచ్చారు. కొంతకాలానికి ఆయన తుక్కు కింద ఇచ్చిన బండి నంబరు మీద వేరే రాష్ట్రం నుంచి చలానాలు రావడం మొదలైంది. ఎవరో ఆ నంబరుతో బండి తిప్పుతున్నారు. దానితో యాక్సిడెంట్ జరిగి ఉంటే? రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి కొనేవారి పేరు, చిరునామా నింపి ఉన్న ఫారాల మీదే సంతకం చేయండి, ఫొటో తీసుకోండి, వారి ఆధార్ కాపీ, బండి అప్పగించిన తేదీ, సమయంతో రసీదు తీసుకోండి. ఫాస్టాగ్ తీసేసి అకౌంట్ మూసేయండి. పేరు మారిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో మీరే చూసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు కంపెనీ సంతకం పెట్టించుకునే డిశ్చార్జ్ వోచరు మీద "పూర్తి, తుది సెటిల్‌మెంట్‌గా" అని ఉంటుంది. లెక్క నచ్చకపోతే సంతకం పెట్టే ముందే అభ్యంతరం మెయిల్ చేయండి. ఒత్తిడితోనో మోసంతోనో పెట్టించిన సంతకం హక్కుని చంపదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది కానీ, ఆ ఒత్తిడిని నిరూపించాల్సింది మీరే. మెయిల్ ఉంటే ఆ పని సులువు.

ఇంతా చేసినా కుదరకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు. దానితో పాటు ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో నమోదు చేయండి, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. తెలంగాణ, ఆంధ్ర రెండూ ఆ ఆఫీసు కిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మీకు నచ్చకపోతే మీరు పాటించాల్సిన పని లేదు, తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. దానికి గడువు రెండేళ్లు. రెండింట్లో ఒకేసారి వేయకండి, కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. మీ తేడా అంత దూరం వెళ్లే స్థాయిది కాకపోవచ్చు. సాల్వేజ్ కాగితం అడగడంతోనే చాలావరకు దారికి వస్తుంది.

లారీ వాళ్ల మీద ఎఫ్ఐఆర్ అయ్యిందో లేదో మీరు రాయలేదు. అయ్యి ఉంటే కాపీ దాచుకోండి. మీ పాలసీలో రాని నష్టాలకి లారీ ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్లో అడగొచ్చు. చట్టంలో దానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు గడువు పెట్టారు, ఆలస్యం చేయొద్దు.

ఇవాళే మెయిల్ పంపండి. బిడ్ కాగితం వచ్చాక అందులో ధర ఆర్‌సీతో వేశారా, లేకుండా వేశారా, గడువు ఎప్పటిదాకా ఉంది అన్నవి ఇక్కడ రాస్తే, లెక్క చూసి ఎంత దగ్గర ఒప్పుకోవచ్చో చెబుతాను. కాగితం పెట్టేటప్పుడు బండి నంబరు, చాసిస్ నంబరు కనబడకుండా కొట్టేయండి.